మన యిండ్లలోని అందము

గత సంవత్సరము ఎనిమిదవ తరగతి బాలబాలికలకు చిత్రలేఖనపు గంటలో "మా యిల్లు" అను విషయము నిచ్చి బొమ్మ గీయుడని చెప్పితిని. కాగితములు నా బల్లమీదికి వచ్చిన పిమ్మట ఒక్కొక్కటే త్రిప్పి చూచి ఆశ్చర్యపడితిని. అధికభాగము ఒకే యిల్లు. రెండు కొండల నడుమ సూర్యుడు, వాలుగానున్న యెఱ్ఱని పైకప్పు, దానిమీద పొగగొట్టము, ముంగిట నొక యేరు. మన పటాన్‌చెరు ప్రాంతమున పొగగొట్టములు కార్ఖానాలకు గలవు గాని యిండ్లకు లేవు. ఆ యింటిలో మా తరగతి పిల్ల లెవ్వరును నివసించుట లేదు. అది పుస్తకములోని యిల్లు.

ఒక బాలిక కాగితము మాత్రము తెల్లగానే యుండెను. కారణ మడుగగా, "సారూ, మా యింట్ల గీసెటందుకు ఏముంది?" అని తల వంచుకొనెను.

ఆ మాట నన్ను చాల దినములు బాధించెను. అందమనునది ఎక్కడనో దూరమున, ధనవంతుల మేడలలో నుండునని ఈ పిల్లలకు నేర్పినవారము మనమే కదా యని తోచెను. ఒక ఆదివారము సాయంకాలము ఆమె తలిదండ్రులను చూడబోయితిని. తండ్రి మందుల కార్ఖానాలో కూలి. కాపురము అద్దెకు తీసికొనిన ఒంటి గది. గడప ముందరి సిమెంటు గచ్చు రెండు బారల వెడల్పైన లేదు. అయినను దానిమీద ఉదయమున వేసిన చుక్కల ముగ్గు చెరగక యుండెను. లోపలి గోడ క్రింది భాగమున జేనెడు వెడల్పున జాజుపట్టె, దానిపై వరుసగా సున్నపు చుక్కలు. నారాయణఖేడు వైపు పల్లెలో తన తల్లియొద్ద నేర్చుకొంటినని ఆ యిల్లాలు చెప్పెను. కుమార్తెకు నేర్పితివా యని అడిగితిని. "చదువుకునే పిల్ల గద సారూ, దానికెందుకు?" అనెను.

ఆమె దానిని చదువని యెంచలేదు. కాని అలంకార విద్యకు ముఖ్యములైన మూడు సూత్రములును ఆ గదిలోనే కలవు. వాని నిట వివరించెదను.

మొదటిది అంచు. గోడయు నేలయు కలిసికొనుచోట పట్టె తీర్చినచో చూపునకు ఒక నిలుకడ దొరకును. చీరకు అంచు ఎట్టిదో గోడకు పట్టె అట్టిది. దానివలన ఉపయోగము కూడ కలదు. నీళ్లు చిందినను, చీపురు తగిలినను, తెల్లగోడ క్రింది భాగమే ముందుగా మాయును. జాజు ఎఱుపు ఆ మరకలను కప్పివేయును. అందమును ఉపయోగమును ఒకే గీతలో కూర్చుట మన పల్లెయిల్లాండ్రకు తెలిసిన విద్య.

రెండవది ఆవృత్తి, అనగా ఒకే రూపమును క్రమము తప్పక మరల మరల వేయుట. ఆ తల్లి వేసిన ముగ్గునే తీసికొందము. నడిమి వరుసలో 7 చుక్కలు పెట్టి, పైకిని క్రిందికిని వరుసకు రెండేసి తగ్గించుచు 5, 3, 1 చుక్కలు పెట్టినచో 7 వరుసలలో 25 చుక్కలు అగును. వాని చుట్టును గీత నడుపవలెను. సరిగా వేసిన ముగ్గును నడిమికి మడిచినట్లు భావించినచో కుడి సగము ఎడమ సగముపై సరిపడును. రేఖాగణితములో సౌష్ఠవమని మనము నల్లబల్లమీద బోధించున దిదియే.

మూడవది మితము. ఆ గదిలోనున్న రంగులు రెండే, ఎఱుపును తెలుపును. సిద్ధిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు కథలు చెప్పువారికొరకు వ్రాయు పొడవైన పటములను చూడుడు. చింతగింజల జిగురును తెల్లమట్టిని బట్టకు పూసి, ఆరబెట్టి, దానిపై చిత్రింతురు. వెనుక భాగమంతయు సాధారణముగా ఒకే యెఱుపు. అందుచేతనే బొమ్మలు స్పష్టముగా ముందుకు వచ్చును. అన్ని రంగులను ఒకేచోట పోసినచో ఏదియు కనబడదు.

ఈ సూత్రములు నిన్న మొన్న పుట్టినవి కావు. సంగారెడ్డికి సమీపమున కొండాపురమున 1940-42 సంవత్సరములలో హైదరాబాదు రాజ్యపు పురావస్తుశాఖవారు త్రవ్వించిన మట్టిదిబ్బలో శాతవాహనుల కాలపు పట్టణము బయల్పడెను. నాణెములు, పూసలు, శంఖపు గాజులు, తెల్లమట్టితో చేసిన బొమ్మలు దొరకినవి. అక్కడి ప్రదర్శనశాలలో వానిని చూడవచ్చును. సుమారు రెండువేల యేండ్లక్రిందట మన నేలమీదనే పూసలు చెక్కి వరుసగా గ్రుచ్చిన చేతులు ఉండెనని తెలిసికొనినచో, మాయింట నేమియు లేదని ఏ పిల్లయు చెప్పదు.

మెదకు దేవాలయమును మనలో ననేకులు చూచియుందురు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో ఆరంభించిన ఆ కట్టడము 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడెను. కరవు దినములలో ఆకలిగొన్నవారికి ఆ పని కూలియు అన్నమును పెట్టెను. నేలమీద పరచిన రంగురాళ్ల అమరికలో అంచును ఆవృత్తియు కానవచ్చును. అచ్చటి రంగుగాజు కిటికీలలో ప్రభువు జననమును, సిలువను, ఆరోహణమును చూడగలము. ఇట్టి కిటికీలను గాజుముక్కలను సీసపు బద్దెలతో కూర్చి చేయుదురు. లోపలినుండి చూచువారికి పగటివెలుగున అవి ప్రకాశించును. చీకటి పడిన పిమ్మట నల్లబడును. కాబట్టి అందమునకు మొదటి సాధనము వెలుగు. మన గదికి కిటికీ యొక్కటియే యున్నను దానికెదురుగా పెట్టెలు పేర్చక ఖాళీగా నుంచుట అలంకారములో మొదటి పాఠము.

అద్దెయింటిలో మేకు కొట్టనియ్యరు, రంగు వేయనియ్యరు అని కొందరందురు. నిజమే. అట్టివారు చేయదగిన పనులు కొన్ని చెప్పెదను. నల్లని అట్టలో ఆకారములు కత్తిరించి, వెనుక పలుచని రంగుకాగితము లంటించి కిటికీలో నిలిపినచో చిన్న రంగుగాజు కిటికీవలె నుండును. పాతచీర అంచును కత్తిరించి పెట్టెమీది గుడ్డకు కుట్టవచ్చును. చేర్యాలవారివలె రంపపుపొట్టును చింతగింజల జిగురుతో పిసికి బొమ్మలు చేసి యెండబెట్టి రంగులు దిద్దవచ్చును. ఒక హెచ్చరిక మాత్రము మరువవద్దు. కార్ఖానాలనుండి వచ్చు రసాయనపు డబ్బాలను చౌకయని తెచ్చి పూలకుండీలుగా గాని నీళ్లతొట్లుగా గాని వాడకుడు. ఎంత కడిగినను వానిలో విషము మిగిలియుండవచ్చును.

నిర్గమకాండములో బెసలేలు అను పనివానిని దేవుడు తన ఆత్మతో నింపి, చిత్రమైన పనులు చేయు నేర్పు నిచ్చెనని చదువుచున్నాము. అతడును అహోలీయాబును చేసినది స్థిరమైన రాతికట్టడము కాదు. అరణ్యములో ఊరూర విప్పి మోసికొనిపోవు గుడారము. నేడొక బస్తీలో, రేపొక బస్తీలో కాపురముండు మన కుటుంబములు ఈ సంగతి గమనింపవలెను. విప్పవలసిన గుడారమే గదా యని దాని తెరలమీద కుట్టుపని మానుకొనలేదు.

ఈ సంవత్సరము అదే విషయమును మరల ఇచ్చితిని. ఆ బాలిక తన గడపను గీసెను. గచ్చుమీద ముగ్గు, గోడకు జాజుపట్టె. చుక్కలు లెక్కించితిని, 25 ఉండెను. గీత యొకచోట తప్పినది. అది నాకును సరిగా తెలియదు. కావున తల్లి నడిగి దిద్దుకొని రమ్మని కాగితము తిరిగి యిచ్చితిని. తల్లులారా, మీ పిల్లలు ఇట్టి ప్రశ్నలతో వచ్చినప్పుడు పని యున్నదని పంపివేయక, కొంచెము ముగ్గుపిండి వారి చేతికిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడని వేడుచున్నాను.