ఒప్పుకోలుకు తరుగెంత?

విస్సన్నపేట, నూజివీడు మామిడి రైతుకు ‘తరుగు’ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కాటా మీద ఎంత తూగినా, మచ్చ ఉందనీ మెత్తబడిందనీ టన్నుకు ఇంతని కోసేసి లెక్క కడతారు. కోర్టుల్లోనూ అలాంటిదొకటి ఉంది. నిందితుడు నేరం తానే ఒప్పుకుంటే శిక్షలో కొంత తగ్గిస్తారు. జేబు కొట్టినవాడి సంగతి సరే, పిల్లల మీద లైంగిక నేరం చేసినవాడికీ తగ్గిస్తారా? తగ్గిస్తే ఎంత? ఎవరి మేలు కోరి?

జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. విస్సన్నపేట నుంచి మైలవరం వెళితే, ఆ మండలంలోనే వెల్వడం ఉంది. ఆ ఊళ్లో పుట్టిన లకిరెడ్డి బాలిరెడ్డి అమెరికాలో చదువుకుని, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో రెస్టారెంటు పెట్టి, ఒకటొకటిగా అద్దె ఇళ్లు కొని, ఆ పట్టణంలో పేరుమోసిన ఇళ్ల యజమాని అయ్యాడు.

1999 నవంబరు 24న అతని అపార్ట్‌మెంటు ఒకదానిలో హీటరు గొట్టం పూడుకుపోయి, కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంది. పదిహేడేళ్ల తెలుగు అమ్మాయి చనిపోయింది. చెల్లెలు బతికింది. తివాచీలో చుట్టి ఏదో మోసుకెళ్తుండటం ఆ దారిన పోతున్న ఒక మహిళ చూసి, ఊరుకోకుండా అడ్డుపడింది. పోలీసులు వచ్చారు. ఈ వయసు పిల్లలు బడిలో ఎందుకు లేరన్న అనుమానాన్ని పట్టుకుని ముందుగా వార్త రాసింది పెద్ద దినపత్రికలు కావు, బర్క్‌లీ హైస్కూలు విద్యార్థుల పత్రిక.

2000 జనవరిలో బాలిరెడ్డిని అరెస్టు చేశారు. దొంగ వీసాలతో, అబద్ధపు చుట్టరికాలతో స్వదేశం నుంచి పేద కుటుంబాల వాళ్లను తీసుకొచ్చాడనీ, వాళ్లలో మైనరు బాలికలను లైంగికంగా వాడుకున్నాడనీ కేసు. విచారణ దాకా పోలేదు. 2001 మార్చిలో నాలుగు అభియోగాలు ఒప్పుకున్నాడు: వీసా మోసానికి కుట్ర ఒకటి, చట్టవిరుద్ధమైన లైంగిక చర్య కోసం మైనర్లను దేశం దాటించడం రెండు, తప్పుడు పన్ను రిటర్ను ఒకటి. అప్పటి చట్టాల్లో వీటి గరిష్ఠ శిక్షలన్నీ కలిపితే ముప్పై ఎనిమిదేళ్లు.

పడింది 97 నెలలు. అంటే ఎనిమిదేళ్ల ఒక నెల. దాంతోపాటు బాధితులకు 20 లక్షల డాలర్లు కట్టాలని 2001 జూన్‌లో ఓక్లాండ్ ఫెడరల్ కోర్టు జడ్జి క్లాడియా విల్కెన్ తీర్పు చెప్పారు.

ముప్పై ఎనిమిది ఎనిమిదయిందంటే తరుగే ముప్పై ఏళ్లు అనుకోకూడదు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో శిక్షకు ఒక పట్టిక ఉంటుంది. నేర తీవ్రతకు 43 మెట్లు, పాత నేర చరిత్రకు ఆరు గడులు. బాధితులు నిస్సహాయులైతే మెట్లు పైకి పోతాయి. నేరం ఒప్పుకుంటే రెండు మెట్లు దిగుతాయి, విచారణకు సిద్ధమయ్యే శ్రమ ప్రభుత్వానికి తప్పేలా ముందుగా ఒప్పుకుంటే ఇంకొకటి. చివరికి ఏ గడిలో తేలితే ఆ నెలల మధ్యే శిక్ష. 2005లో అక్కడి సుప్రీంకోర్టు ఇది సలహా మాత్రమేనని తేల్చేదాకా జడ్జీలు ఈ పట్టికకు కట్టుబడాల్సి వచ్చేది. అసలు పెద్ద తగ్గింపు పట్టికలో కాదు, అంతకు ముందే జరుగుతుంది: ఏ అభియోగాలు ఉంచాలి, ఏవి వదిలేయాలి అని ప్రాసిక్యూటరూ డిఫెన్సు లాయరూ కూర్చుని తేల్చుకునే దగ్గర. ఆ గదిలో బాధితురాలికి కుర్చీ ఉండదు.

ఇంగ్లండులో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. మొదటి వాయిదాలోనే ఒప్పుకుంటే శిక్షలో మూడో వంతు దాకా తగ్గిస్తారు, విచారణ మొదలయ్యే రోజు దాకా లాగితే పదో వంతే. పశ్చాత్తాపాన్ని ఇందులో కలపరు, దాన్ని విడిగా చూస్తారు. బాధితురాలు బోనెక్కి, అదంతా నలుగురిలో మళ్లీ చెప్పుకుని, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవమానపడే అవసరం తప్పినందుకు, కోర్టు సమయం మిగిలినందుకు ఈ తగ్గింపు.

మన దగ్గర దారి వేరు. 2006 నుంచి నేరాంగీకార బేరానికి చట్టంలో చోటున్నా, ఏడేళ్లు మించి శిక్ష పడే నేరాలకూ, స్త్రీలపైనా పిల్లలపైనా జరిగే నేరాలకూ ఆ తలుపు మూసేశారు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ అంతే. బేరం లేకుండా నిందితుడే ఒప్పుకుంటే సెషన్స్ జడ్జి ఆ మాట నమోదు చేయాలి. దాని మీదే దోషిగా తేల్చాలా వద్దా అన్నది జడ్జి విచక్షణ. దోషి అని తేలాక శిక్ష ఎంతన్న దానిపై మళ్లీ ఇరుపక్షాలనూ వినాలి. వయసు, ముసలి తల్లిదండ్రులు, మొదటి తప్పు అన్న విన్నపాలన్నీ అక్కడే.

ఆ విన్నపాలు ఒకప్పుడు బాగానే పనిచేశాయి. 1983లో అత్యాచారానికి ఏడేళ్ల కనీస శిక్ష పెట్టినా, ‘తగిన ప్రత్యేక కారణాలు’ ఉంటే ఇంకా తగ్గించవచ్చని ఒక సందు వదిలారు. పద్నాలుగేళ్లు కూడా నిండని బాలికపై అత్యాచారం కేసులో కింది కోర్టు పదేళ్లు వేస్తే, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నాలుగేళ్లకు దించింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని ఏడేళ్లకు పెంచింది. కర్ణాటకలో ఎనిమిదేళ్ల పాప కేసులోనూ పదేళ్లు నాలుగయ్యాయి. చదువులేనివాడు, తాగుడు అలవాటు, ఇంటి బరువు ఉంది అన్నవి అక్కడ కారణాలు. ఇవేవీ లెక్కలోకి రావని చెప్పి 2000లో సుప్రీంకోర్టు మళ్లీ పదేళ్లే ఖాయం చేసింది.

2013లో ఆ సందు మూశారు. 2018లో కనీస శిక్ష పదేళ్లయింది, బాధితురాలికి పదహారేళ్లు నిండకపోతే ఇరవై. ఇప్పుడు ఎన్ని కన్నీళ్లు పెట్టుకుని ఒప్పుకున్నా అంతకు కిందికి దించే అధికారం సెషన్స్ జడ్జికి లేదు.

కఠినంగా ఉండటం సరైనదే. కానీ దీనికో మూల్యం ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా అంతే అయినప్పుడు ఏ లాయరూ ఒప్పుకోమని సలహా ఇవ్వడు. కాబట్టి పిల్ల బోనెక్కాల్సిందే. కేసును కోర్టు స్వీకరించిన ముప్పై రోజుల్లో పిల్లల సాక్ష్యం తీసుకోవాలనీ, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగించాలనీ పోక్సో చట్టం చెబుతుంది. కోర్టుల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులను అడిగితే ఆ గడువుల సంగతి తెలుస్తుంది.

అమెరికాలో ఇప్పుడు, బాలిరెడ్డి ఒప్పుకున్నట్టు లైంగిక చర్య కోసం మైనర్లను దేశం దాటించే నేరానికి కనీస శిక్షే పదేళ్లు, 2006లో మార్చారు. అతను మాత్రం 2008లో విడుదలయ్యాడు. 1998లో మైలవరంలో పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీ బోర్డు మీద అతని పేరే ఉంది.