గూడెం దాకా రాని లెక్క

2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం దేశంలో బాగా వెనకబడిన జిల్లాలను ఎంపిక చేసి, వాటికి 'ఆకాంక్షిత జిల్లాలు' అని పేరు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ జాబితాకెక్కినవి మూడు: విజయనగరం, వైఎస్సార్ కడప, విశాఖపట్నం. మొదటి రెండింటి సంగతి అలా ఉంచి మూడో పేరు దగ్గర ఆగాలి. ఉక్కు కర్మాగారం, చమురుశుద్ధి కర్మాగారం, పెద్ద ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, మందుల పరిశ్రమలు ఉన్న జిల్లా అది. తలసరి ఆదాయంలో రాష్ట్రంలోనే ముందు వరుసలో నిలిచిన జిల్లా. అలాంటిది వెనకబడిన జిల్లాల జాబితాలోకి ఏ దారిన వచ్చింది? హోంశాఖ ఎంచిన 35 మావోయిస్టు ప్రభావిత జిల్లాల్లో ఒకటిగా వచ్చింది. అంటే ఆ జిల్లా కొండ ప్రాంతమైన మన్యంలోని లేమిని బయటపెట్టింది పేదరికాన్ని కొలిచే సాధనాలు కావు, శాంతిభద్రతల లెక్క. మన కొలతల్లో పెద్ద లోపమే ఉందని గ్రహించడానికి ఈ ఒక్క సంగతి చాలు. తుపాకీ మోగని కొండ మీద కూడా ఆకలి ఉంటుంది. దాన్ని ఏ లెక్క పట్టుకోవాలి?

ఆ లోపం ఎక్కడుందో కాస్త తరచి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి విశాఖ జిల్లా జనం దాదాపు 42.9 లక్షలు. పాడేరు, అరకులోయ, చింతపల్లి, కొయ్యూరు మొదలైన 11 ఏజెన్సీ మండలాల జనం సుమారు 6 లక్షలు. భూమిలో సగానికి పైగా వీరిది, జనంలో ఏడో వంతు. జిల్లా తలసరి ఆదాయం లెక్కించేటప్పుడు సముద్రతీరాన శుద్ధి అయిన చమురు విలువనూ, కరిగిన ఉక్కు విలువనూ జిల్లా మొత్తం జనంతో భాగిస్తారు. ఆ భాగహారంలో కొయ్యూరు కొండ మీద జీడిపిక్కలు ఏరుకునే మనిషి వాటా కూడా కాగితం మీద పడుతుంది, చేతికి మాత్రం రాదు. ఆదాయం సంగతి వదిలేసి, ఆరోగ్యమూ చదువూ ఇల్లూ చూసే సర్వేల దగ్గరికి వెళ్దాం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశంలోని 707 జిల్లాల్లో 6,36,699 ఇళ్ల నుంచి వివరాలు సేకరించింది. సగటున జిల్లాకు 900 ఇళ్లు. ఎంపికైన ఒక్కో గ్రామం లేదా వార్డులో దాదాపు 22 ఇళ్లు. జనాభా దామాషాలో చూస్తే విశాఖ మన్యం వంతుకు వచ్చేవి నూటపాతిక ఇళ్లు, అంటే ఐదారు ఊళ్లు. పదకొండు మండలాల్లో సగానికి ఒక్క ఊరు కూడా దక్కదు. నీతి ఆయోగ్ 2023లో విడుదల చేసిన బహుముఖ పేదరిక నివేదిక ఈ సర్వే మీదే నిలబడింది. ఆంధ్రప్రదేశ్‌లో పేదల శాతం 11.77 నుంచి 6.06కు తగ్గిందని అది చెప్పింది. ఆ తగ్గుదలను నేను శంకించడం లేదు, సంతోషించదగ్గదే. మిగిలిన ఆ ఆరు శాతం మంది ఎక్కడున్నారో చెప్పే శక్తి మాత్రం ఆ లెక్కకు లేదు.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. ఇంగ్లండ్‌లో లండన్‌కు ఆనుకుని ఎసెక్స్ కౌంటీ ఉంది. లండన్‌లో కొలువులు చేసి వచ్చే సంపన్నులు ఉండే ఊళ్లకు అక్కడ కొదవలేదు. కౌంటీ సగటు చూస్తే బెంగపడాల్సింది ఏమీ కనిపించదు. కానీ ఆ కౌంటీ సముద్రపు ఒడ్డునే జేవిక్ అనే చిన్న ఊరుంది. ఇంగ్లండ్ మొత్తంలో అత్యంత లేమి ఉన్న పేట అదేనని ప్రభుత్వ లేమి సూచీ 2010, 2015, 2019ల్లో వరసగా తేల్చింది. ఎలా తేల్చగలిగింది? దేశాన్ని సగటున 1,500 మంది ఉండే 32 వేలకు పైగా చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను ఆదాయం, ఉపాధి, చదువు, ఆరోగ్యం, నేరాలు, సేవల అందుబాటు, పరిసరాలు అనే ఏడు వైపుల నుంచి చూసింది కాబట్టి. కౌంటీని ఒకే ముద్దగా కొలిచి ఉంటే జేవిక్ ఎసెక్స్ సిరిసంపదల్లో కలిసిపోయేది. సంపన్న ప్రాంతంలోని పేదకు ఇది అదనపు శిక్ష. పేద జిల్లాలో పుట్టి ఉంటే కనీసం జిల్లా పేరు మీదైనా నిధులు వచ్చేవి.

మన దగ్గర దీనికి జిల్లాల విభజనను మందుగా చూపించారు. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా మూడుగా చీలింది. మన్యం మండలాలు, రంపచోడవరం వైపు ఏజెన్సీతో కలిసి, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. ఆ పేరుకూ కొయ్యూరుకూ ఉన్న బంధం తెలుగువారికి చెప్పనక్కర్లేదు. 1924 మే 7న మంప దగ్గర రాజును పట్టుకుని, కొయ్యూరులో కాల్చి చంపారు. నర్సీపట్నం వైపు నుంచి కొండ మీదికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో అరకొర కూలికి చేయించిన చాకిరీ కూడా రాజు నడిపిన తిరుగుబాటు కారణాల్లో ఒకటని ఇక్కడ గుర్తుంచుకోవాలి. కొత్త జిల్లా మంచిదే. మన్యానికి సొంత పద్దు వచ్చింది, సొంత కలెక్టరు వచ్చారు. అయితే లేమిని కప్పే సగటు పోలేదు, కాస్త చిన్నదైంది, అంతే. కొయ్యూరు మండలాన్నే తీసుకోండి. పాడేరు, అరకు మండలాల్లాగా ఇది ఎత్తైన పీఠభూమి మీద లేదు, మైదానాన్ని ఆనుకుని ఉంది. రాజేంద్రపాలెం, కాకరపాడు వంటి ఊళ్లకు నర్సీపట్నం బజారూ అక్కడి ఏరియా ఆసుపత్రీ దగ్గర. ఆ నర్సీపట్నం ఇప్పుడు వేరే జిల్లాలో ఉంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ జాతీయ రహదారి ఈ మండలం గుండా సాగుతుంది. రహదారి పడితే మండలం మొత్తానికి 'రవాణా సౌకర్యం' అనే గడి నిండినట్టే. బూదరాళ్ల, యు.చీడిపాలెం, పలకజీడి పంచాయతీల కొండ గూడేలకు ఆ రహదారి ఎంత దూరమో ఆ గడి చెప్పదు. జిల్లా సగటు నుంచి మన్యాన్ని విడదీశాం, మండల సగటు నుంచి గూడేన్ని విడదీయడం మిగిలే ఉంది.

విభజన వల్ల కొందరు మరింత కనుమరుగయ్యారు కూడా. రోలుగుంట, రావికమతం, చీడికాడ, దేవరాపల్లి మండలాల కొండవార గిరిజన గ్రామాలు ఐదో షెడ్యూలు ప్రాంతంలో చేరలేదు. తమను చేర్చమని అక్కడివారు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. షెడ్యూలు లేదు కాబట్టి, భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం రక్షణ వారికి లేదు. ఇప్పుడవి అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మాసిటీ ఉన్న అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. నిండు గర్భిణిని డోలీలో మోసుకెళ్లే ఊళ్లూ ఎగుమతి పరిశ్రమలూ ఒకే జిల్లా సగటులో కలిశాయి. ఎసెక్స్‌లో జేవిక్ ఎలాగో, అనకాపల్లిలో ఈ కొండవార ఊళ్లు అలాగ. తేడా ఒక్కటే, అక్కడ లెక్క ఆ ఊరిదాకా వెళ్లింది.

ఎంత చిన్న ముక్కను కొలవాలన్నది ఒక ప్రశ్న, దేనితో కొలవాలన్నది రెండోది. నా మటుకు రెండోదే బరువైనది. మనం వాడే సూచికలు చాలావరకు మైదానాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. నీతి ఆయోగ్ లెక్కలో రేడియో, టీవీ, ఫోను, సైకిలు, మోటారు సైకిలు లాంటి వాటిలో ఒకటికి మించి ఉంటే ఆ ఇంటికి ఆస్తుల విషయంలో లేమి లేనట్టే. 2011 సామాజిక ఆర్థిక గణనలోనైతే మోటారు వాహనం ఉన్న ఇంటిని పేదల వరసలోంచి ముందే తీసేశారు. బస్సు రాని చోట అప్పు చేసి కొన్న పాత బైకు కలిమికి గుర్తు కాదు, బస్సు లేకపోవడానికి గుర్తు. టవరు సిగ్నలు అందని గూడెంలో ఫోను పాటలు వినడానికి పనికొస్తుందేమో గానీ అంబులెన్సును పిలవడానికి పనికిరాదు. 'ఆసుపత్రి ప్రసవాలు' అనే సూచిక సంగతి ఇంకా లోతైనది. నర్సీపట్నంలో ఆటో ఎక్కి పది నిమిషాల్లో ఆసుపత్రి చేరిన తల్లీ, నొప్పులతో డోలీలో వాగు దాటి, రోడ్డు చేరి, అక్కడ వాహనం కోసం కాచుకుని ఆసుపత్రి చేరిన తల్లీ ఆ గడిలో ఒకే అంకె. చేరడం లెక్కకు వస్తుంది, చేరిన తీరు రాదు. నీతి ఆయోగ్ వాడే 12 సూచికల్లో దూరం ప్రస్తావన కనిపించేది తాగునీటి దగ్గర మాత్రమే. రానూపోనూ అరగంట నడవాల్సి వస్తే దాన్ని లేమిగా లెక్కిస్తారు. ఆ ఒక్క నియమం సరైనదే. ఆసుపత్రికీ బడికీ రేషన్ డిపోకూ సంతకూ కూడా దాన్నే వర్తింపజేయాలి. మంచి రోడ్లున్న ఇంగ్లండే 2019 సూచీలో డాక్టరు, ప్రాథమిక పాఠశాల, తపాలా కార్యాలయం, కిరాణా దుకాణం ఎంత దూరమో రోడ్డు వెంట కొలిచి కలుపుకుంది. మన జనగణన గ్రామ సమాచారంలో దూరం ఉంటుంది గానీ మూడు గుర్తులతో సరిపెడతారు: 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10, 10కి పైన. పదకొండు కిలోమీటర్ల తారురోడ్డూ పాతిక కిలోమీటర్ల కొండదారీ మూడో గుర్తులో ఒకటైపోతాయి. మన్యంలో దూరాన్ని కిలోమీటర్లలో కాక నడక గంటల్లో, అదీ వానాకాలపు నడకలో కొలవాలి.

గణాంకాలు తెలిసినవారు దీనికి చెప్పే అభ్యంతరం బలమైనదే. ముప్పై ఇళ్ల గూడెంలో శాతాలు నిలవవు. రెండు కుటుంబాలు వలస పోతే అంకె తలకిందులవుతుంది, ఒక శిశువు చనిపోతే మరణాల రేటు ఆకాశాన్ని అంటుతుంది. నిజమే. అందుకే గూడెం స్థాయిలో శాతాలు వద్దంటున్నాను. వైద్యుడి దగ్గరికి ఎన్ని గంటలు, ఏడాదిలో ఎన్ని నెలలు వాగు దారి మూసేస్తుంది, ఊటనీరు వేసవిలో ఆగుతుందా, ఐదో తరగతి తర్వాత బడి ఎక్కడ? ఇవి నమూనా సర్వేకు తగిన ప్రశ్నలు కావు. ఊరు ఊరంతటికీ ఒకే జవాబు ఉండేవి. వాటికి నమూనా దోషం ఉండదు. జననాలు, మరణాలు, బరువు తక్కువ పిల్లల వంటి వాటికి పక్కపక్క గూడేలను కలిపి వెయ్యి పదిహేను వందల మంది జట్లుగా చేసి, మూడేళ్ల సగటు తీసుకోవచ్చు. ఇది మనకు చేతకాని పని కూడా కాదు. మలేరియా విభాగం ఎన్నో ఏళ్లుగా మన్యంలో ఊరివారీగా కేసులు లెక్కగట్టి, ఏ ఊళ్లో మందు పిచికారీ చేయాలో నిర్ణయిస్తోంది. దోమకు జిల్లా సగటుతో పని లేదని వాళ్లకు తెలుసు. ఆశా కార్యకర్త దగ్గర గర్భిణుల జాబితా ఉంది, అంగన్‌వాడీలో పిల్లల బరువులు ఉన్నాయి, 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంటింటి వివరాలూ ఉన్నాయి. ఇవన్నీ వేర్వేరు శాఖల కంప్యూటర్లలో విడివిడిగా పడి ఉన్నాయి, గూడెం పేరు మీద ఒక్కచోటికి చేర్చినవారు లేరు.

మన్యమంతా పేదదేనని అందరికీ తెలిసిందే, మళ్లీ కొలవడం దేనికి అనేవారూ ఉన్నారు. మొత్తం పేద అన్నప్పుడు పని ముందుగా రోడ్డు పక్కన జరుగుతుంది. భవనం అక్కడే లేస్తుంది, ఉద్యోగి అక్కడే ఉంటాడు, తనిఖీకి వచ్చినవారు చూసేదీ అక్కడే. తెగల మధ్య కూడా తేడాలు ఉన్నాయి. కోందు, పోర్జ, గదబ తెగల్లో కొన్ని ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలని ప్రభుత్వమే గుర్తించింది. 'గిరిజనులు' అనే ఒక్క సగటు వీరికి చేసే అన్యాయం, 'విశాఖ' అనే సగటు మన్యానికి చేసిన అన్యాయం లాంటిదే. కొలతలో పెట్టే గీత ఎంత పని చేస్తుందో రోడ్ల పథకమే చూపిస్తుంది. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసం అర్హత గీత. అంతకు తక్కువ ఉన్న గూడెం ఆ పథకానికి లేనట్టే. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ అత్యంత బలహీన సమూహాల ఆవాసాలకు ఆ గీతను 100కు దించింది. పేదరికం ఎప్పటినుంచో అక్కడే ఉంది, గీత కిందికి దిగాకే అది కనబడింది.

పేరు పెడితే ఊరికి మచ్చ పడుతుందన్న భయాన్ని మాత్రం కొట్టిపారేయలేను. 2018లో అమెరికాలో ఒక ఎన్నికల అభ్యర్థి జేవిక్ వీధి ఫోటోను భయపెట్టే ప్రకటనలో వాడుకున్నాడు. ఆ ఊరివారు ఎంత నొచ్చుకుని ఉంటారో ఊహించవచ్చు. అందుకే గూడేల వరస చివర ఎవరున్నారో ఊరేగించే జాబితా వద్దు. ఏ గూడేనికి ఏ లోటుందో, ఏ శాఖ, ఏ గడువులో దాన్ని తీర్చాలో చెప్పే జాబితా కావాలి. అలా రాస్తే మచ్చ పనిచేయని శాఖ మీద పడుతుంది. ఇక ప్రాంతాన్ని కొలిస్తే విశాఖ మురికివాడల్లోని పేదలు తప్పిపోరా అంటే, తప్పిపోతారు. నగరంలో పేద ఇల్లు ధనిక ఇంటి గోడను ఆనుకుని ఉంటుంది, అక్కడ ఇంటివారీ లెక్కే దిక్కు. కొండ మీద అలా కాదు. దారి లేకపోతే గూడెంలో అందరికీ లేదు.

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకున్న జనగణన మొబైల్ యాప్‌లతో జరిగే మొదటి గణన. రెవెన్యూ గ్రామంతో ఆగకుండా, ప్రతి శివారు గూడేన్నీ దాని పేరుతో, దాని అంకెలతో ప్రకటించాలని జనగణన శాఖను రాష్ట్ర ప్రభుత్వం అడగాలి. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తన పరిధిలోని ప్రతి గూడేనికీ నడక గంటల పట్టిక తయారు చేయాలి. అనకాపల్లి కలెక్టరు షెడ్యూలు వెలుపలి కొండ గ్రామాలకూ అదే పని చేయించాలి. మన్యంలో పెసా చట్టం ఇచ్చిన గ్రామసభల్లో, షెడ్యూలు వెలుపల మామూలు గ్రామసభల్లో ఆ పట్టికను చదివి వినిపించి, తప్పులుంటే గూడెంవాళ్ల చేతనే దిద్దించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. మొదలుపెట్టడానికి కొయ్యూరు మండలం చాలు.