మెయిల్‌కు ఊకొట్టేదెవరు?

"నాలుగు రోజులు మెయిళ్లు నడిచినా తేలని పని, ఆ మనిషి సీటు దగ్గరికెళ్లి అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతోంది. ఎందుకు?" అని ఒక పాఠకుడు అడిగారు. ముఖం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది అన్నది అందరికీ తెలిసిన జవాబు. దానికంటే అద్భుతమైన సంగతి ఇంకొకటుంది. అది వినేవాడి "ఊఁ".

కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బావెలస్ బృందం ఒక ప్రయోగం చేసి 2000లో ప్రచురించింది. త్రుటిలో ప్రమాదం తప్పిన అనుభవాన్ని ఎదుటి మనిషికి చెప్పమని కొందరిని కోరారు. వినేవాళ్లలో కొందరికి మాత్రం, వచ్చే మాటల్లో ఇంగ్లిషు 'టి' అక్షరంతో మొదలయ్యేవాటిని పట్టుకునే పని అప్పగించారు. వాళ్లు ప్రతి మాటా విన్నారు, కథను వదిలేశారు. ఉలిక్కిపడాల్సిన చోట ఉలిక్కిపడలేదు, "అయ్యో" అనలేదు. దాంతో చెప్పేవాళ్ల కథే పాడైంది! రసపట్టులో తడబడ్డారు, ముగింపు కుదరక చెప్పిందే మళ్లీ చెప్పారు. చెప్పడంలో సగం పని వినేవాడిదేనన్నమాట. పిల్లలు ఊకొట్టకపోతే కథ ఆపేసే మన అమ్మమ్మలు ఈ సూత్రం మీదే నడిచారు.

ఇక వేగం చూడండి. తాన్యా స్టివర్స్ బృందం 2009లో పది భాషల సంభాషణలను కొలిచింది. ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టేది సుమారు సెకనులో ఐదో వంతు. ఒక్క మాటను మెదడు సిద్ధం చేసుకోవడానికే అరసెకను పైగా కావాలి. కాబట్టి మీ వాక్యం పూర్తికాకముందే ఎదుటివారు జవాబు కూర్చుకుంటున్నారు. తేడా వస్తే అక్కడికక్కడే "ఆఁ?", "ఎవరు?", "ఏ ఫైలు?" అని ఆపుతారు. మార్క్ డింగెమాన్స బృందం 2015లో 12 భాషల్లో లెక్కగడితే, ఇలాంటి దిద్దుబాటు సగటున 1.4 నిమిషాలకొకటి జరుగుతోందని తేలింది. మెయిల్లో మొదటి వాక్యాన్ని తప్పుగా చదివినవారు అదే అర్థంతో చివరిదాకా వెళ్లిపోతారు.

తాము రాసింది తప్పుగా అర్థమై ఉంటుందన్న అనుమానమే రాసినవారికి రాదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో దీన్ని పరీక్షించారు. తాము వెటకారంగా అన్నామో నిజంగా అన్నామో చదివేవారు 78 శాతం సార్లు పోల్చుకుంటారని రాసినవాళ్లు అంచనా వేశారు. పోల్చుకున్నది 56 శాతమే. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది. గొంతు వినిపిస్తే అది 73కు పెరిగింది.

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో చెప్పే "మాటల విలువ 7 శాతమే, మిగతా 93 గొంతుదీ ముఖానిదీ" అన్న సూత్రాన్ని మాత్రం దయచేసి నమ్మకండి. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ విడిమాటలను రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఇష్టమా అయిష్టమా అని అడిగిన ప్రయోగాల నుంచి పుట్టిన లెక్క అది. అన్ని మాటలకూ అది వర్తించదని ఆయనే చెప్పారు. వర్తిస్తే తెలియని భాషలో సినిమా చూసినా 93 శాతం అర్థం కావాలి!

ఎదురుగా మాట్లాడితే ఇంత మేలున్నా, ఆఫీసుల్లో పక్క సీటుకు కూడా మెయిలే, పైగా పదిమందికి కాపీ. తేదీలు, అంకెలు, ఆదేశాలు రాతలోనే ఉండాలి, సందేహం లేదు. అభిప్రాయభేదం ఉన్న విషయమైతే ముందు వెళ్లి మాట్లాడండి, దూరమైతే ఫోన్ చేయండి. తేలినదాన్ని ఆ తర్వాత మెయిల్లో రాయండి.