నోటిమాటే టిక్కెట్టు!

భాష రాదు. నటుల పేర్లు నోరు తిరగవు. ఊళ్లో ఒక్క పోస్టరూ ఉండదు. అయినా జపాన్, కొరియా, హాంకాంగ్, తైవాన్ సినిమాలు సముద్రాలు దాటి ఇంటింటికీ చేరాయి. ఆ ప్రయాణంలో కంపెనీల పాత్ర కొంతే. ‘ఇది చూశావా?’ అంటూ పక్కవాళ్ల భుజం తట్టిన అభిమానులదే మిగతాదంతా!

ఎవరికైనా ఒక సినిమా చూడమని చెప్పడం అంత తేలికైన పనేం కాదు. వాళ్ల రెండు గంటలకీ మనం పూచీ పడినట్టే. నచ్చితే మంచి పేరు దర్శకుడికి.. నచ్చకపోతే తిట్లు మనకి! తెలుగు సినిమా అయితే ‘పాటలైనా బాగున్నాయి కదా’ అని తప్పించుకోవచ్చు. ఒక్క ముక్క అర్థంకాని భాషలో, కింద అక్షరాలు చదువుకుంటూ చూడాల్సిన సినిమాకి పూచీ పడాలంటే మాత్రం బోలెడు ధైర్యం కావాలి. తూర్పు ఆసియా సినిమా చరిత్రలో అలాంటి ధైర్యవంతులు చాలామందే ఉన్నారు.

గాలం తెగింది.. బహుమతి పడింది!

1951. టోక్యోలో ఇటలీ సినిమాల పంపిణీ సంస్థ ‘ఇటాలీఫిల్మ్’ ప్రతినిధిగా ఉన్న జూలియానా స్త్రామిజోలికి ఒక పని అప్పగించారు. వెనిస్ చిత్రోత్సవానికి జపాన్ నుంచి ఒక మంచి సినిమాని సూచించడం. ఇటాలియన్ భాష బోధించే ఆమె చాలా సినిమాలు చూసి, చివరికి అకిరా కురోసావా తీసిన ‘రాషోమాన్’(1950) దగ్గర ఆగిపోయారు. అడవిలో ఒక సమురాయ్ చనిపోతాడు. ఏం జరిగిందన్నది దొంగ ఒకలా చెబుతాడు, భార్య ఇంకోలా చెబుతుంది. చచ్చినవాడి ఆత్మ కూడా పూనకంలో వచ్చి మరోలా చెబుతుంది. కట్టెలు కొట్టేవాడిది ఇంకో కథ. ఎవరిది నిజం? సినిమా చెప్పదు!

తీసిన డైయే కంపెనీకే ఆ సినిమా మీద నమ్మకం లేదు. విదేశీయులకు ఇది ఎక్కదన్నది వాళ్ల అభిప్రాయం. స్త్రామిజోలి పట్టుబట్టడంతో సినిమా వెనిస్‌కి వెళ్లింది. విచిత్రం ఏంటంటే ఆ సంగతి కురోసావాకే తెలియదు. అప్పటికి ఆయన పరిస్థితీ బాగోలేదు. తర్వాత తీసిన ‘ద ఇడియట్’ దెబ్బతింది. చేతిలోకి వచ్చిందనుకున్న అవకాశం పోయింది. మనసు బాగోక చేపలు పడదామని వెళ్తే గాలం తాడు కూడా తెగిపోయింది! ఉసూరుమంటూ ఇంటికొచ్చిన ఆయనకి గుమ్మంలోనే భార్య శుభాకాంక్షలు చెప్పింది. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. ‘రాషోమాన్’ వెనిస్‌లో అత్యున్నత పురస్కారం గోల్డెన్ లయన్ గెలుచుకుందని అప్పుడు తెలిసింది. 

ఆ ఒక్క సిఫార్సుతో పాశ్చాత్య ప్రపంచం జపాన్ సినిమావైపు తలతిప్పింది. కలకత్తాలో ‘రాషోమాన్’ చూసిన సత్యజిత్ రే వరసగా మూడు రోజులు మూడుసార్లు చూశారు. మూడేళ్లకే కురోసావా నుంచి ‘సెవెన్ సమురాయ్’(1954) వచ్చింది. దాన్ని హాలీవుడ్ ‘ద మాగ్నిఫిసెంట్ సెవెన్’(1960)గా తీసుకుంది. మన ‘షోలే’(1975)లోనూ ఆ ఛాయలు కనిపిస్తాయి. డబ్బిచ్చి మనుషుల్ని తెచ్చుకుని బందిపోట్ల నుంచి ఊరిని కాపాడుకోవడం ఆ తర్వాత ఎన్ని భాషల్లో ఎన్నిసార్లు చూశామో లెక్కేలేదు.

మన ఇంటి కథే.. టోక్యోలో!

కురోసావాకి స్త్రామిజోలి ఎలాగో, యసుజిరో ఓజుకి డొనాల్డ్ రిచీ అలాగ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైన్యంతోపాటు జపాన్‌కి టైపిస్టుగా వెళ్లిన కుర్రాడాయన. భాష రాకపోయినా సినిమా హాళ్లలో కూర్చుని, బొమ్మ చూస్తూనే కథ పట్టుకునేవాడు. క్రమంగా జపాన్ సినిమా గురించి ప్రపంచానికి చెప్పే పెద్దదిక్కయ్యాడు. 1959లో జోసెఫ్ ఆండర్సన్‌తో కలిసి ఆ సినిమా చరిత్రని పుస్తకంగా రాశాడు. 2013లో చనిపోయేదాకా ఎక్కువ భాగం జపాన్‌లోనే గడిపాడు.

ఓజు సినిమాలు మరీ జపాన్ తరహాలో ఉంటాయనీ, బయటివాళ్లకు అర్థంకావనీ అక్కడి కంపెనీలు అనుకునేవి. అందుకే ‘టోక్యో స్టోరీ’(1953) అమెరికా థియేటర్లకు 1972లోగానీ రాలేదు. అప్పటికి ఓజు చనిపోయి ఎనిమిదేళ్లు దాటింది! ఇంతకీ అంత అర్థంకాని కథేంటంటే.. పల్లె నుంచి ముసలి తల్లిదండ్రులు పట్నంలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వస్తారు. కొడుక్కీ కూతురికీ తీరికుండదు. కాస్త ఆప్యాయంగా చూసేది యుద్ధంలో పోయిన కొడుకు భార్య ఒక్కతే. ఇది అర్థంకాని ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? కన్నపిల్లలు తల్లిదండ్రుల్ని వాటాలేసుకునే ‘బడిపంతులు’ మన దగ్గర వచ్చిందీ ఆ 1972లోనే. 2022లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఎంపికలో ‘టోక్యో స్టోరీ’ది ప్రపంచంలోనే నాలుగో స్థానం. దాని వెనకే ఐదో స్థానంలో హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కర్ వై ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’(2000) నిలిచింది.

వీడియో కొట్టు విమర్శకుడు

ఎనభైల్లో కాలిఫోర్నియాలో ‘వీడియో ఆర్కైవ్స్’ అని ఒక క్యాసెట్ల షాపు. అందులో పనిచేసే కుర్రాడు వచ్చినవాళ్లని అడిగింది ఇచ్చి పంపేరకం కాదు. ‘అది సరే, ఇది చూడండి’ అంటూ హాంకాంగ్ యాక్షన్ సినిమాల గురించి మొదలెట్టేవాడు. అతని పేరు క్వెంటిన్ టరంటినో! తర్వాత అతను తీసిన ‘రిజర్వాయర్ డాగ్స్’(1992)లో హాంకాంగ్ సినిమా ‘సిటీ ఆన్ ఫైర్’(1987) పోలికలు చూసి అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. కాపీయా, ప్రేమా అని!

దర్శకుడయ్యాకా ఆ పాత అలవాటు పోలేదు. సొంతంగా ఒక పంపిణీ సంస్థ పెట్టి 1996లో వాంగ్ కర్ వై ‘చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్’ని అమెరికాలో విడుదల చేయించాడు. 2004లో కాన్ చిత్రోత్సవ జ్యూరీకి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు కొరియా సినిమా ‘ఓల్డ్‌బాయ్’కి గ్రాంప్రి దక్కింది. అప్పటిదాకా పార్క్ చాన్ వుక్ పేరు తెలియనివాళ్లు కూడా ఆ డీవీడీ కోసం వెతకడం మొదలెట్టారు.

దొంగచాటు ‘లవ్ లెటర్’

అభిమానం ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే కొరియా కథ వినాలి. వలస పాలన గాయాల వల్ల స్వాతంత్ర్యం వచ్చాక దక్షిణ కొరియాలో జపాన్ సినిమాల మీద నిషేధం ఉండేది. 1998లోగానీ తలుపులు తెరుచుకోలేదు. కానీ షుంజి ఇవాయ్ తీసిన ‘లవ్ లెటర్’(1995) అంతకుముందే అక్కడి విద్యార్థుల గదుల్లోకి దొంగ క్యాసెట్ల రూపంలో దూరిపోయింది. ఒక క్యాసెట్ నుంచి ఇంకొకటి, దాన్నుంచి మరొకటి. చేతులు మారేకొద్దీ బొమ్మ మసకబారింది, ఇష్టం మాత్రం పెరిగింది. 1999లో అధికారికంగా విడుదలైనప్పుడు ‘అందరూ చూసేశారు, ఇంకెవరొస్తారు’ అనుకోవాల్సిందే కదా! పది లక్షల మందికి పైగా వచ్చారు. మంచుకొండ ముందు నిలబడి కథానాయిక అరిచే ‘బాగున్నావా?’ అన్న జపాన్ మాట కొరియాలో ఊతపదమైపోయింది. సినిమా తీసిన ఒతారు పట్టణం కొరియా పర్యాటకులతో నిండిపోయింది. రెండు దేశాల మధ్య ఉన్న పాత పగని ఒక ప్రేమకథ పూర్తిగా తుడిచేసిందని కాదు. కానీ నాయకులకంటే ముందే ప్రేక్షకులు చెయ్యి చాచారు.

ఆ రోజుల్లోనే సోల్‌లో ‘యెల్లో డోర్’ అని ఒక చిన్న సినిమా బృందం ఉండేది. కాలేజీ కుర్రాళ్లంతా చేరి క్యాసెట్లు కాపీ చేసుకుని చూసేవాళ్లు, ఆపి ఆపి చర్చించేవాళ్లు. వాళ్ల క్యాసెట్ల లైబ్రరీ బాధ్యత సోషియాలజీ చదివే ఒక విద్యార్థిది. ఎవరికి ఏది ఇచ్చాడో, ఎప్పుడు తిరిగొచ్చిందో పక్కాగా చూసుకునేవాడు. ఆ బృందంకోసమే ఒక గొరిల్లా బొమ్మతో చిన్న సినిమా కూడా తీసి చూపించాడు. అతనే బాంగ్ జూన్ హో. 2020లో అతని ‘పారసైట్’ నాలుగు ఆస్కార్లు గెలిచింది. ఆంగ్లేతర సినిమా ఉత్తమ చిత్రం కావడం ఆస్కార్ చరిత్రలో అదే మొదటిసారి. ‘యెల్లో డోర్’ కథని 2023లో డాక్యుమెంటరీగానూ తీశారు.

చర్చలోనే సగం సినిమా

సినిమా పేరు చెప్పడంతో అభిమాని పని అయిపోదు. అసలు పని చూసొచ్చాకే మొదలవుతుంది. లీ చాంగ్ డాంగ్ ‘బర్నింగ్’(2018)లో పిల్లి నిజంగా ఉందా లేదా? ‘పారసైట్’లో మెట్లు ఎక్కడం, దిగడం వెనక అర్థమేంటి? ఇవి ఎంతకీ తెగవు. ఒక చర్చకి మాత్రం పదహారేళ్ల తర్వాత నిజజీవితమే జవాబు చెప్పింది.

1986-91 మధ్య కొరియాలోని హ్వాసంగ్ ప్రాంతంలో పదిమంది మహిళలు హత్యకు గురయ్యారు. దోషి దొరకలేదు. ఆ కేసు ఆధారంగా బాంగ్ 2003లో ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ తీశాడు. చివరి దృశ్యంలో పోలీసు నేరుగా కెమెరాలోకి చూస్తాడు. ఎందుకలా అన్నది అభిమానుల మధ్య పెద్ద చర్చ. హంతకుడు ఎప్పటికైనా ఈ సినిమా చూస్తాడు, అప్పుడు అతని కళ్లలోకి చూడాలన్నదే తన ఉద్దేశమని బాంగ్ చెప్పాడు. 2019లో డీఎన్ఏ పరీక్షలు హంతకుణ్ని పట్టించాయి. ఇంకో హత్యకేసులో అతను అప్పటికే జైల్లో ఉన్నాడు. ఆ సినిమాని అక్కడే చూశానని కోర్టులో చెప్పాడు. తనకేమీ అనిపించలేదనీ అన్నాడు! అంతకంటే బాధాకరం.. ఆ హత్యల్లో ఒకదానికి ఒక అమాయకుడు సుమారు ఇరవయ్యేళ్లు జైల్లో మగ్గాడు. 2020 డిసెంబరులో అతను నిర్దోషి అని కోర్టు ప్రకటించింది. పోలీసులు అనుమానితుల్ని కొట్టి ఒప్పించే దృశ్యాలున్న ఆ సినిమాని ఇప్పుడు చూస్తే, మనసు ఆ చివరి చూపు దగ్గర మాత్రమే ఆగదు.

అటు నుంచి ఇటు.. ఇటు నుంచి అటు

మన ఊళ్లకి తూర్పు ఆసియా కొత్తేమీ కాదు. ‘ఎంటర్ ద డ్రాగన్’(1973) చూసొచ్చి పెరట్లో కాళ్లు విసిరినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. ఆ తర్వాత జాకీచాన్ వచ్చాడు. మనవరాళ్లు కొరియా సినిమాల పేర్లు చెబుతుంటే ఇప్పుడు తాతలే వింటున్నారు. సమంత నటించిన ‘ఓ బేబీ’(2019)కి మాతృక కొరియా సినిమా ‘మిస్ గ్రానీ’(2014)యే.

ఈ బాకీని మన సినిమాలూ తీర్చుకున్నాయి. జపాన్ విమర్శకుడు జున్ ఎదోకి సింగపూర్‌లో రజనీకాంత్ ‘ముత్తు’ చూసి ముచ్చటపడ్డాడు. 1998లో అది జపాన్‌లో విడుదలై సంచలనం సృష్టించింది. తర్వాత ‘బాహుబలి 2’కి అక్కడ ‘అరుపుల ప్రదర్శనలు’ పెట్టారు. మామూలుగా హాల్లో గుక్క తిప్పుకోకుండా నిశ్శబ్దంగా కూర్చునే జపాన్ ప్రేక్షకులు వేషాలు వేసుకొచ్చి, కేకలు పెట్టి మరీ చూశారు. 2018లో రాజమౌళి వెళ్లి ఆ సందడి స్వయంగా చూశారు. 2022 అక్టోబరులో విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ జపాన్‌లో ‘ముత్తు’ వసూళ్ల రికార్డుని దాటేసింది. 2024లో అక్కడి ప్రసిద్ధ తకరజుకా బృందం దాన్ని నాటకంగానూ వేసింది. తెలుగు రాని ప్రేక్షకురాలు ఇంకో తెలుగు రాని ప్రేక్షకురాలికి ‘చూసి తీరాలి’ అని చెప్పిన ఫలితమే అదంతా.

కొత్తగా మొదలెడితే...

ఏ సినిమా ఎవరితో చూడాలో తెలిసి చెప్పేవాడే అసలైన అభిమాని.

పిల్లలతో: జపాన్ బొమ్మల సినిమాలు ‘మై నైబర్ టొటోరో’(1988), ‘స్పిరిటెడ్ అవే’(2001). రెండూ హయావో మియజాకీవే. రెండోదానికి ఆస్కార్ కూడా వచ్చింది.

అమ్మమ్మా నాన్నమ్మలతో: కొరియా సినిమా ‘ద వే హోమ్’(2002). పట్నం మనవడు, మాటలు రాని పల్లెటూరి అమ్మమ్మ. వాడు వేయించిన చికెన్ అడిగితే ఆమె వానలో తడుస్తూ కోడిని తెచ్చి ఉడకబెట్టి పెడుతుంది. అమ్మమ్మగా చేసినావిడ అంతకుముందు నటించి ఎరుగదు!

భోజనప్రియులకు: ఆంగ్ లీ తైవాన్‌లో తీసిన ‘ఈట్ డ్రింక్ మ్యాన్ వుమన్’(1994). భార్య పోయిన వంటమాస్టరు, ముగ్గురు కూతుళ్లు, ఆదివారం విందు. ఖాళీ కడుపుతో మాత్రం చూడొద్దు.

ఫైట్లు ఇష్టపడేవారికి: జాకీచాన్ ‘పోలీస్ స్టోరీ’(1985), ఆంగ్ లీ ‘క్రౌచింగ్ టైగర్ హిడెన్ డ్రాగన్’(2000).

పిల్లలు పడుకున్నాకే: ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’, ‘పారసైట్’. ‘ఓల్డ్‌బాయ్’ అయితే గుండె దిటవున్న పెద్దలకు మాత్రమే.

కింద అక్షరాలు చదవడం మొదట పావుగంట కష్టంగానే ఉంటుంది. తర్వాత చదువుతున్నామన్న సంగతే మర్చిపోతారు. చూశాక నచ్చితే ఒక్కరికైనా చెప్పండి. కథ మాత్రం చెప్పకండి!