లారీకన్నా ముందు చేరే జాబితా

మీ ఊరి కిరాణా కొట్టు ముందు సరుకుల లారీ ఆగడం మీరు చూసే ఉంటారు. డ్రైవరు ఒక కాగితం ఇస్తాడు. కొట్టు యజమాని పెట్టెలు దింపించుకుంటూ ఆ కాగితంమీద టిక్కులు పెట్టుకుంటాడు. ఇరవై పెట్టెలైతే ఫరవాలేదు. అమెరికాలోని పెద్ద కిరాణా సంస్థల గిడ్డంగులకు రోజంతా లారీలు వస్తూనే ఉంటాయి. అన్ని పెట్టెలూ విప్పి లెక్కపెడుతూ కూర్చుంటే ఆకుకూరలు వాడిపోవూ?

అందుకే అక్కడ జాబితా లారీతో రాదు, లారీకన్నా ముందే కంప్యూటరు సందేశంగా వస్తుంది. దీన్ని ముందస్తు రవాణా సూచన అనవచ్చు. అమెరికన్ ప్రమాణమైన ఎక్స్12లో దీని సంఖ్య 856. దుకాణం పంపే ఆర్డరుకు 850.

ఈ ఆలోచన పుట్టింది అంగట్లో కాదు, విమానాశ్రయంలో! 1948లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు దారులు మూసివేసినప్పుడు తిండి, బొగ్గు విమానాల్లోనే చేరవేయవలసి వచ్చింది. సరుకు కాగితాలు తలొక తీరుగా ఉండేవి. అప్పుడు అమెరికన్ సైన్యంలోని ఎడ్వర్డ్ గిల్బర్ట్, అతని సహచరులు అందరికీ ఒకే నమూనా జాబితా తయారుచేశారు. దాన్ని టెలెక్స్‌లోనో టెలిఫోనులోనో ముందుగా పంపవచ్చు. ఎక్స్12 సంఘం ఏర్పడినది 1979లో.

సరే, సూచన తయారుచేయడం ఎలాగో చూద్దాం. ఒక టమోటా సాసు కంపెనీకి 100 పెట్టెల ఆర్డరు వచ్చిందనుకోండి. ప్రతి పెట్టెకూ బార్‌కోడు ఉన్న చీటీ అంటిస్తారు. అందులో 18 అంకెల సంఖ్య ఉంటుంది. మీ తరగతిలో ఒకే రోల్ నంబరు ఇద్దరికి ఉండనట్టే, ఈ సంఖ్య కూడా రెండు పెట్టెలకు ఉండదు. చివరి అంకె తనిఖీ కోసం. కాగితం, పెన్సిలు తీసుకోండి. మన సంఖ్యలో మొదటి 17 అంకెలు ఇవి: 01234567000000047.

ఎడమనుంచి బేసి స్థానాల్లోని అంకెలు కూడితే 19. దాన్ని 3తో హెచ్చిస్తే 57. సరి స్థానాల మొత్తం 20. రెండూ కలిపితే 77. తరువాతి పదుల సంఖ్య 80కి ఇంకా 3 కావాలి. ఆ 3 పద్దెనిమిదో అంకె అన్నమాట. ఎవరైనా చివర ఉన్న 47ను 74 అని కొట్టారనుకోండి. మొత్తం 71 అవుతుంది, తనిఖీ అంకె 9 రావాలి. తప్పు పట్టుబడింది! అయితే ఈ కాపలాదారుకీ ఒక లోపముంది. 47 బదులు 27 పెట్టి, దాన్ని 72గా తిప్పి, రెండుసార్లూ లెక్క కట్టండి. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మీకే తెలుస్తుంది.

ఇక సందేశంలోని సమాచారం వంశవృక్షంలా ఉంటుంది. లారీ కింద ఆర్డరు, దాని కింద ప్యాలెట్ అనే చెక్కబల్ల, దాని కింద పెట్టె, పెట్టెలో వస్తువు. ప్రతి మెట్టుకూ తన సంఖ్య, తన పై మెట్టు సంఖ్య రాస్తారు. గిడ్డంగిలో పెట్టె చీటీమీద కిరణం పడగానే దానిలో ఏముందో కంప్యూటరుకు తెలిసిపోతుంది. విప్పనక్కరలేదు.

ఇక్కడే ఒక సోమరితనానికి చోటుంది. కొందరు పెట్టెలు చూడకుండా, ఆర్డరులో ఉన్నదే సూచనలోకి ఎక్కించేస్తారు. రాని పిల్లవాడికి హాజరు వేయడం లాంటిదే ఇది! లారీలోకి ఎక్కినవి 94, సూచనలో 100. దింపేటప్పుడు ఎవరూ పట్టుకోకపోతే, దుకాణం కంప్యూటరు లేని ఆరు పెట్టెలను ఉన్నాయనుకుంటుంది. బీరువాలు ఖాళీ అయినా కొత్త ఆర్డరు పంపదు. పట్టుకుంటే కంపెనీకి జరిమానా పడవచ్చు. కాబట్టి సూచనను ఆర్డరునుంచి కాదు, సర్దిన పెట్టెలనుంచి తయారుచేయాలి.

తిండి విషయంలో ఇంతకన్నా పెద్ద చిక్కుంది. 2018 నవంబరు 20న అమెరికా ప్రజారోగ్య సంస్థ, రొమైన్ లెట్యూస్ అనే ఆకుకూరను దేశంలో ఎవరూ తినవద్దని, ఉన్నది పారేయమని చెప్పింది. ఇ.కోలై బాక్టీరియా వల్ల జనం జబ్బుపడ్డారు. ఏ పొలం ఆకు అని వెంటనే తేల్చలేకపోవడంతో, మంచి ఆకు కూడా చెత్తబుట్టలోకి పోయింది. కొద్ది రోజుల తరువాతే అనుమానాన్ని కాలిఫోర్నియాలోని కొన్ని ప్రాంతాలకు పరిమితం చేయగలిగారు.

2022లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఒక నియమం ఖరారు చేసింది. కొన్ని రకాల ఆహారాలు చేతులు మారినప్పుడు ప్రతి విడత సరుకుకూ ఇచ్చిన గుర్తును కొన్నవారికి తెలియజేయాలి. అందుకు 856 సందేశం అనువైన వాహనం. పెట్టె సంఖ్య పక్కనే విడత గుర్తూ ఉంటే, ఏ పెట్టె ఏ గిడ్డంగికి వెళ్లిందో వెతకవచ్చు. కాని ఆ గుర్తు రాయవలసినది పెట్టె సర్దేటప్పుడే. మూత అతికించి లారీ కదిలాక, రాయని గుర్తును ఏ కంప్యూటరూ ఊహించి చెప్పలేదు.