చీనీ తోటలో కత్తెర సంరక్షణ

తొండూరు, పులివెందుల చుట్టుపక్కల చీనీ రైతును చెట్టుకు నీళ్లెన్ని కావాలో, ఎరువెంత వేయాలో అడిగితే తడుముకోకుండా చెబుతాడు. మోటారు కాలితే ఆ పూటే మెకానిక్‌ను పిలిపిస్తాడు. కొమ్మలు కత్తిరించే కత్తెర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ శ్రద్ధ కనబడదు. పని కాగానే అది మోటారు గదిలో ఓ మూలకు చేరుతుంది. కొత్తది కొనే ఖర్చు తప్పుతుందన్న లెక్కతోనే దాన్ని బాగుగా చూసుకోమంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అసలు విషయం వేరే ఉంది. కత్తెర శుభ్రత చెట్టు ఆయుష్షుతో ముడిపడిన సంగతి.

చీనీ చెట్టు రెండు మొక్కల కలయిక. పైన కాపు కాసేది సాతుగుడి, కింద నేలలో ఉండే వేరుమూలం రంగపూర్ నిమ్మ. నీటి ఎద్దడికీ, ట్రిస్టెజా వైరస్‌కూ ఓర్చుకుంటుందని మన రాష్ట్రంలో ఈ వేరుమూలాన్ని సిఫార్సు చేస్తారు. అయితే ఎక్సోకార్టిస్ అనే రోగం ముందు రంగపూర్ నిమ్మ నిలవలేదు. ఆ రోగానికి కారణం బాక్టీరియా కాదు, వైరస్ కూడా కాదు. వైరాయిడ్. 1971లో థియోడర్ డీనర్ అనే శాస్త్రవేత్త బంగాళాదుంప రోగాన్ని పరిశోధిస్తూ ఈ పేరు పెట్టారు. ప్రోటీన్ తొడుగు లేని చిన్న ఆర్‌ఎన్‌ఏ వలయమే వైరాయిడ్. ఎక్సోకార్టిస్ వైరాయిడ్‌లో ఉన్నవి దాదాపు 370 న్యూక్లియోటైడ్లు మాత్రమే. ఇంత చిన్నదే అయినా, అంటు కింద బెరడును పగలగొట్టి పెచ్చులుగా ఊడదీస్తుంది, చెట్టును గిడసబారుస్తుంది. లక్షణాలు బయటపడటానికి ఏళ్లు పడుతుంది. ఆ లోగా అదే కత్తెర ఎన్ని చెట్లను తాకి ఉంటుందో!

రోగపు చెట్టు కొమ్మ కోసినప్పుడు అలుగుకు అంటిన రసంతో పాటు వైరాయిడ్ కూడా వస్తుంది. రసం ఎండిపోయినా అది చావదు. తర్వాతి చెట్టు మీద కోత పడగానే ఆ పచ్చిగాయంలోకి దిగుతుంది. అంటు కింద వేరుమూలం నుంచి లేచే చిగుళ్లను కోసేటప్పుడైతే రోగం నేరుగా రంగపూర్ నిమ్మకే అందుతుంది. నిమ్మలో గజ్జి తెగులు తెచ్చే బాక్టీరియాను స్పిరిట్‌తో తుడిచి చంపవచ్చు. వైరాయిడ్ విషయంలో స్పిరిట్‌నూ, మంటలో చూపడాన్నీ నమ్మలేం. దాన్ని పనికిరాకుండా చేసేది సోడియం హైపోక్లోరైట్, అంటే బట్టల మరకలకు వాడే బ్లీచింగ్ ద్రవం. అది 5 శాతం గాఢతతో ఉంటే ఒక పాలుకు నాలుగు పాళ్ల నీళ్లు కలిపితే 1 శాతం ద్రావణం అవుతుంది. ఎండకు దాని బలం తగ్గుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. ముందు అలుగు మీది బంకను గుడ్డతో తుడవాలి. బంక కింద దాగినదాన్ని ద్రావణం చేరలేదు. కూలీలు ఒక తోట కత్తెరను ఇంకో తోటకు తెచ్చే చోట, గట్టు మీదే ఈ ద్రావణం ఉన్న బకెట్ ఉండాలని గట్టిగా అడగాలి.

చెట్టును కాపాడే ఈ ద్రావణమే ఇనుమును తింటుంది. అందులోని క్లోరైడ్ తుప్పును తొందరపెడుతుంది. అందుకే సాయంత్రం మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కీలు దగ్గర రెండు చుక్కల మెషిన్ నూనె వేయాలి. తుప్పు అసలు ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెచ్చులై రాలి, కింద కొత్త ఇనుమును మళ్లీ గాలికీ తేమకూ అప్పగిస్తుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాల పక్కన పనిముట్లు పెట్టడం కూడా ఇందుకే మంచిది కాదు, అదీ క్లోరైడే.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగట్లో పనిచేసే పారలకు ఇంకో ముప్పు ఉంది. ఆ మన్ను పారకు అంటుకుని తేమను వదలదు. మన్ను కింద ఆక్సిజన్ తక్కువ, పక్కనున్న ఖాళీ ఇనుము మీద ఎక్కువ. ఈ తేడా వల్లే ఒకే పార మీద చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి, మన్ను కప్పిన చోట ఇనుము కరిగి గుంటలు పడతాయి. పైకి కనబడే ఎర్రటి తుప్పు కంటే ఈ గుంటలే ప్రమాదం.

ఇక పదును. మొద్దుబారిన అలుగు కొమ్మను తెగ్గొట్టదు, నలుపుతుంది. నలిగిన బెరడు ఆలస్యంగా మానుతుంది, ఆ లోగా శిలీంధ్రాలకు దారి దొరుకుతుంది. పదునుకు ఏ రాయి వాడాలో మన జిల్లా భూమే నేర్పుతుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు గనుల్లో తీసే నాపరాయి సున్నపురాయి. అందులోని కాల్సైట్ కాఠిన్యం మోస్ కొలతలో 3. అలుగు ఉక్కుది దాదాపు 6. కాబట్టి నాపరాయి మీద ఎంత రుద్దినా అరిగేది రాయే. గండికోట లోయ గోడల్లో కనిపించేదీ, భూగర్భ శాస్త్రంలో పులివెందుల పేరే పెట్టుకున్నదీ క్వార్ట్‌జైట్. దాని క్వార్ట్జ్ రేణువుల కాఠిన్యం 7, అవి ఉక్కును గీయగలవు. అంగడిలో దొరికే కార్బొరండం సానరాయి కాఠిన్యం 9కి పైనే, రేణువులూ సమంగా ఉంటాయి గనక పని నున్నగా సాగుతుంది. అలుగుకు మొదటినుంచీ ఉన్న ఏటవాలును మార్చకుండా ఒకే వైపుకు రుద్దితే, అవతలి అంచున సన్నని గరుకు పోగు లేస్తుంది. వేలితో అడ్డంగా, మెల్లగా తడిమితే తెలుస్తుంది. అది లేచిందంటే అంచు దాకా అరిగినట్టే. ఒక్కసారి వెనక్కి తిప్పి తేలిగ్గా రుద్దితే ఆ పోగు పోతుంది.

గ్రైండింగ్ మిషన్ దగ్గర మాత్రం తొందర పనికిరాదు. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి గట్టిపరుస్తాడు. ఆ తర్వాత పెళుసు పోవడానికి కొద్దిగా వేడి చేస్తాడు. గడ్డిరంగు తేలేసరికి వేడి 230 డిగ్రీల దగ్గర, నీలిరంగు వచ్చేసరికి 300 డిగ్రీల దగ్గర ఉంటుంది. మిషన్ మీద అంచు నీలంగా మారిందంటే కమ్మరి ఇచ్చిన గట్టితనం అక్కడ పోయినట్టే. ఆ భాగం ఎంత సాన పట్టినా పదును నిలవదు. మధ్యమధ్య నీళ్లలో ముంచుతూ పట్టించుకోవాలి.

పారలు, గొడ్డళ్ల కామల సంగతి చిన్నదే. మన ఎండలకు కర్ర ఎండి, కుంచించుకుపోయి తల వదులవుతుంది. చాలామంది దాన్ని తొట్టిలో నానేస్తారు. నానిన కర్ర ఉబ్బి, ఇనుప కన్నానికి ఒత్తుకుని లోపలి పీచు నలుగుతుంది. ఆరాక మునుపటికంటే ఎక్కువ వదులవుతుంది. దానికి బదులు సన్నని సీల కొట్టి, కర్రకు అవిసె నూనె పట్టించడం మేలు. గాలి తగిలి ఆ నూనె గట్టిపడి తేమ రాకపోకలను తగ్గిస్తుంది. ఆముదం అలా గట్టిపడదు, జిగురుగానే ఉండి దుమ్ము పట్టుకుంటుంది.