మందను మేతకు సరిపెట్టుకొనుడు



బనగానపల్లె ప్రాంతమున వాన తప్పి పంట పోయిన ఏట కూడ, ఇంట ఒక ఎనుము, నాలుగు గొర్రెలు ఉన్న రైతు నిలద్రొక్కుకొనును. బిడ్డలకు పాలు దక్కును; అవసరమునకు పొట్టేలు డబ్బు తెచ్చును. కనుక పశువులు వలదని మేము చెప్పము. అయితే మంద మేతను మించరాదు.

గుట్టల వాలున గడ్డి మొలకెత్తగానే మందలు తోలినచో వేళ్లు బలపడవు, గింజ రాలదు. నేల బోసిపోయి, జడివానకు పైమట్టి వంకలలో పడును. నీరు ఇంకక బావులలో ఊట తగ్గును. మొదట గొర్రెలకు, పిదప ఊరికి నష్టము.

ఒక లెక్క చూడుడు. 30 కిలోల గొర్రె రోజుకు సుమారు 1 కిలో ఎండుమేత తినును. 20 గొర్రెలకు వేసవి 100 దినములకు 2,000 కిలోలు కావలెను. బీటిలో దొరకునది, మీ వామిలో ఉన్నది కలిపినను అంత కానిచో, మాఘమాసమునందే ఎదిగిన పొట్టేళ్లను, ఈనని ముసలి గొర్రెలను అమ్మివేయుడు. ఎండలు ముదిరి బక్కచిక్కిన పిదప అమ్మినచో బరువు తగ్గును. అందరును సంతకు తోలుదురు గనుక ధరయు పడిపోవును.

మేత పెంచుటకు ఈ పనులు చేయుడు:

1. ఊరి బీటిని నాలుగు భాగములు చేసి, తొలకరి మొదలు గింజ రాలువరకు ఒక భాగమును మేపక విడువుడు. ఏటేట భాగము మార్చుడు. కాపరులతో కూర్చుండి ఒప్పుకొన్ననే ఈ కట్టుబాటు నిలుచును.

2. శనగపొట్టు, కందిపొట్టు, వేరుశనగ కట్టె పారవేయక దాచుడు. జొన్నచొప్పను ముక్కలుగా నరికి వేసినచో వృథా తగ్గును. వానలేక వాడిన పచ్చిజొన్న, లేతజొన్న విషము, మేపరాదు.

3. గట్లపై అవిసె, సుబాబుల్ నాటుడు. సుబాబుల్ ఆకు మొత్తము మేతలో మూడవ వంతు మించరాదు.

4. కోతల పిదప చేలో మంద కట్టించుడు. పెంట, మూత్రము అక్కడనే పడి నేలకు బలము కలుగును.

ఇంకొక మాట. నెమరువేయు పశువు కడుపులో పుట్టు మీథేన్ వాయువు గాలిలో కలిసి భూమిని వేడెక్కించును. పాలివ్వని పశువులు పెక్కింటికన్న, బాగుగా మేపిన రెండు పాడిపశువులు మేలు. ప్రతి లీటరు పాలకు పుట్టు వాయువు తగ్గును. మీకు మేత ఖర్చును తగ్గును.

ఈ యేడు ముందు వామిని కొలువుడు, ఆ పిమ్మట మందను లెక్కించుడు.